కన్వర్షన్ వేరు, జోన్ వేరు

ఆత్మకూరు చుట్టుపక్కల లేఅవుట్ గీయమని ఎవరొచ్చినా ముందు సర్వే నంబరు అడుగుతాను. సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో హద్దులు చూసుకుని, మాస్టర్ ప్లాన్ పటం మీద ఆ పొలం ఎక్కడుందో వెతుకుతాను. పసుపు రంగులో ఉంటే నివాస జోన్. ఆకుపచ్చలో ఉంటే వ్యవసాయం. మాట పెరిగేది అక్కడే: “కన్వర్షన్ అయిపోయిందన్నా, ఇంక అడ్డమేంది?”

వ్యవసాయ భూమి మార్పిడికి ఒకప్పుడున్న 2006 నాటి నాలా చట్టం కింద ఆర్డీవో ఇచ్చిన ఉత్తర్వు రెవెన్యూ లెక్కల్లో మాత్రమే పొలాన్ని వ్యవసాయేతర భూమి చేసింది. పటం మీద రంగు అలాగే ఉంది. అది మారాలంటే ప్రభుత్వం ప్రకటన వేసి, అభ్యంతరాలు విని, జీవో ఇవ్వాలి. నెల్లూరు నుంచి బద్వేలు పోయే 67వ జాతీయ రహదారి వెంట రంగు మార్చమనే కోరిక ఒక్కో పొలానిదీ విడిగా చూస్తే న్యాయమైనదే. కానీ ప్లాన్‌లో ఆ పచ్చరంగును నమ్ముకునే రోడ్ల వెడల్పు, కాలువల దారి లెక్కగట్టారు. ఒక్కో సర్వే నంబరూ విడివిడిగా మారిపోతే పంటకాలువలోకి మురుగు చేరుతుంది. అందుకే నా అభిప్రాయం ఒకటే: మార్పు నిజంగా అవసరమైతే ఆ ప్రాంతం మొత్తానికీ ప్లాన్ సవరించాలి, లేదా కాదనాలి. కాలిఫోర్నియాలో జోనింగ్ ప్లాన్‌కు అనుగుణంగానే ఉండాలని 1971లో చట్టమే చేశారు. అక్కడ చాలా నగరాల్లో జోనింగ్ సమగ్ర ప్రణాళికకు విరుద్ధంగా ఉంటే ఊళ్లో ఉండేవాళ్లే కోర్టుకు పోవచ్చు.

ఉదయగిరిది ఇంకో బాధ. అది పంచాయతీ. 2002 నాటి పంచాయతీ లేఅవుట్ నిబంధనల ప్రకారం ప్రతి లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. వదిలినా, ఊరంతటికీ ఒక పటం లేకపోతే ఈ లేఅవుట్ రోడ్డు పక్క లేఅవుట్ ప్రహరీకి తగిలి ఆగుతుంది. దుర్గం కొండ మీద నుంచి దిగే వాన నీటికి దారి ఎవరి ప్లాన్‌లోనూ ఉండదు. మెట్ట ప్రాంతంలో చెరువులోకి చేరాల్సిన నీరు దారి తప్పితే ఆ నష్టం ఎవరు పూడ్చగలరు?

2017 భవన నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు వదలాలని ఉంది. మాస్టర్ ప్లాన్‌లో చెరువు గీత తప్పుగా పడితే ఆ 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? నేను ఇరిగేషన్ వాళ్ల హద్దు అడిగి తెచ్చుకున్నాకే పెన్సిల్ పడతాను. ఆలస్యమవుతోందని కొందరు వేరే చోటికి పోతారు. పోనీ.

జోన్ మార్పు ప్రకటన వెలువడినప్పుడల్లా వార్డు సచివాలయం గోడ మీద సర్వే నంబర్ల పక్కనే రంగుల పటం కూడా అంటించాలి. కాలువ ఎటు పోతుందో ఆయకట్టు రైతుకు మనకన్నా బాగా తెలుసు. పటం చూపిస్తే అభ్యంతరం ఆయనే రాస్తాడు.