పాము కరవని యూరిడిసీ

పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. పద్యం బాగా పండిందంటే జనం "వన్స్‌మోర్" అని అరిచేవారు. చచ్చిపడ్డ పాత్రధారి లేచి మళ్ళీ పాడినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కథ ఎక్కడికీ పోదు, పద్యమే ముఖ్యం. బ్రాడ్వేలో సంగతి వేరు. కథను ముందుకు నడపని పాట ఎంత తియ్యగా ఉన్నా కత్తెరకు బలి కావలసిందే. విడిపాటలు రాసుకునేవాళ్ళు నాటకంలోకి వచ్చి తడబడేది ఇక్కడే. పాల్ సైమన్ అంతటివాడు 1998లో "ది కేప్‌మన్" తెస్తే రెండు నెలలకే మూతపడింది.

అనేయిస్ మిచెల్ మాత్రం నిలదొక్కుకుంది. ఈమె 1981లో వెర్మాంట్‌లో పుట్టింది. గిటార్ పట్టుకుని జానపద బాణీలో సొంత పాటలు పాడుకునే మనిషి. 2006లో తన రాష్ట్రంలోనే, తెలిసినవాళ్ళను కూడగట్టి "హేడిస్‌టౌన్" ఆడించింది. 2010లో అది రికార్డుగా వచ్చింది. 2016లో న్యూయార్క్‌లో ఓ చిన్న థియేటర్, 2017లో కెనడాలోని ఎడ్మంటన్, 2018లో లండన్ దాటి 2019లో బ్రాడ్వే చేరింది. ఆ ఏడాది ఎనిమిది టోనీ అవార్డులు వచ్చాయి. ఒకే కథ మీద పదమూడేళ్ళు! మజిలీ మజిలీకీ పాటలు తిరగరాసింది. ఆ మార్పుల కథంతా చెబుతూ 2020లో ఓ పుస్తకమే వేసింది.

కథ గ్రీకుల పాత కథే. ఆర్ఫియస్ గాయకుడు. భార్య యూరిడిసీ పాము కరిచి చనిపోతుంది. పాతాళానికి వెళ్ళి, పాటతో అక్కడి రాజు హేడిస్ మనసు కరిగించి, వెనక్కి తిరిగి చూడకూడదన్న షరతు మీద ఆమెను వెంట తెచ్చుకుంటాడు. దారిలో తిరిగి చూసి పోగొట్టుకుంటాడు. మన సావిత్రి యముణ్ణి మాటతో గెలిచింది, ఇతను పాటతో గెలిచీ ఓడాడు.

మిచెల్ ఈ కథలోంచి పామును తీసేసింది. ఆమె యూరిడిసీని ఆకలి కరుస్తుంది. పాతాళం ఓ కర్మాగారాల పట్నం. అక్కడ ఎప్పుడూ పని ఉంటుంది. ఆ అమ్మాయి తనకు తానే సంతకం పెట్టి వెళుతుంది, వెళ్ళాక తన పేరే మరిచిపోతుంది. వాల్టర్ కెర్ థియేటర్‌లో ఆ ఘట్టం చూస్తుంటే నా మొదటి ఉద్యోగం కాంట్రాక్టు కళ్ళ ముందు కదిలింది. మనల్నీ ఏ పామూ కరవలేదు కదా!

మొదటి అంకం చివర, గోడ ఎందుకు కడుతున్నామో రాజు అడుగుతుంటే కార్మికులు పాఠం అప్పజెప్పినట్టు జవాబు చెబుతారు. 2016 ఎన్నికలకు ఎన్నో ఏళ్ళ ముందు రాసిన పాట అది. నా చుట్టూ ఉన్నవాళ్ళు ట్రంప్‌ను తలుచుకుని గట్టిగా చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. గ్రీన్‌కార్డు వచ్చిన కొత్తలో "ఇంకా ఎంతమందిని రానిస్తారండీ?" అని మన విందుల్లో అన్న మాటలు గుర్తొచ్చాయి. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. రాజును తిట్టే పాటైతే మనం తప్పించుకోవచ్చు. ఇది గోడ కట్టే కూలీల చేత పాడించిన పాట.

లోపం లేదనను. రికార్డులో ఆమె చెప్పకుండా వదిలేసిన ఖాళీలను వినేవాళ్ళం నింపుకునేవాళ్ళం. రంగస్థలం మీద కథకుడు హెర్మీస్ వాటిని చాలావరకు పూడ్చేస్తాడు. ఆర్ఫియస్‌ను మరీ అమాయకుణ్ణి చేశారు. అయినా ఒక్క చోట ఆమె విడిపాటల అనుభవం నాటకాన్ని కాపాడింది. పాతాళరాజును కరిగించే పాట అంటే ఎంత గొప్పగా ఉండాలి? ఏ మాటలు రాసినా చాలవు. ఆమె ఆ పాటకు ప్రాణంగా మాటల్లేని చిన్న రాగం పెట్టింది. రాజు కూడా ఒకప్పుడు ప్రేమించినవాడేనని గుర్తుచేసే రాగం. ఎక్కడ మాట ఆపాలో తెలిసిన మనిషి చేసిన పని అది.

చివర ఆర్ఫియస్ తిరిగి చూస్తాడు. అంతా అయిపోయాక బృందం కథను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది. ఓడిపోతామని తెలిసీ పాడతారు. బయటికొస్తూ అనుకున్నాను, ఇది మన వన్స్‌మోరే. కాకపోతే ఇక్కడ అడిగింది జనం కాదు, పాడినవాళ్ళే.