రెండు కార్డుల పాట

గిటార్ కొన్న వారానికే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. సాఫ్ట్‌వేర్ వాళ్ల జబ్బు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం వేసిన ఇంగ్లీషు ఫోక్ పాటల పుస్తకాలు రెండు మూడు ముందేసుకుని, ఒక కాలమ్‌లో పాట పేరు, పక్క కాలమ్‌లో ఆ పాటకి ఎన్ని కార్డులు కావాలో రాసి, తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేశాను. 'టామ్ డూలీ' రెండు. 'డౌన్ ఇన్ ద వ్యాలీ' రెండు. 'దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్' మూడు. 'హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' ఐదు. పై నుంచి కిందికి నేర్చుకుంటూ పోతే సరి అనుకున్నాను. ఆ పుస్తకాలు చెప్పేదీ అదే. కార్డులు తక్కువైతే పాట సులువు.

ఈ లెక్క, కోడ్ ఎంత కష్టమో లైన్ల సంఖ్యతో కొలవడం లాంటిది. ఎన్ని కార్డులన్నది కాదు, ఒక కార్డు నుంచి ఇంకోదానికి వెళ్లడానికి పాట మీకు ఎంత టైమ్ ఇస్తుందన్నది అసలు సంగతి. 'రైజింగ్ సన్'లో దాదాపు ప్రతి ఆవృత్తానికీ చెయ్యి మార్చాలి. మధ్యలో ఎఫ్ ఒకటి, చూపుడు వేలు అడ్డంగా పడుకోబెట్టి తీగల్ని నొక్కాల్సిన రాక్షసి. అయినా చాలామంది దానితోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఆ ట్యూన్ అందరికీ తెలుసు. నెల తిరిగేసరికి గిటార్ బీరువా పైకి ఎక్కుతుంది. 'టామ్ డూలీ'లో అలా కాదు. డి పట్టుకుని మొదలుపెడితే చరణం సగంలో ఒకసారి ఏ సెవెన్‌కి వెళ్లాలి, చివర్లో మళ్లీ డి. అంతే. చరణానికి రెండే మార్పులు, మధ్యలో బోలెడంత తీరిక.

పుస్తకాలు అసలు పట్టించుకోని ఇంకో విషయం గొంతు. మన సంగీతం మాస్టారెవరైనా మొదట అడిగేది 'నీ శ్రుతి ఎంత' అని. ఈ పుస్తకాలు మాత్రం చేతికి ఏ కార్డులు సులువో చూసి శ్రుతి నిర్ణయించేస్తాయి, పాడేవాడు ఏమైపోయినా సరే. రెండు వందలు పెట్టి ఒక కేపో కొనుక్కుంటే ఈ గొడవ తీరిపోతుంది. చేతికి అవే కార్డులు, కేపో ఒక్కో మెట్టు పైకి జరిపితే శ్రుతి ఒక్కో మెట్టు పెరుగుతుంది. ఈ మాట మొదటి పేజీలో ఉండాలి. నేను చూసినవాటిలో చివరెక్కడో ఉంది.

సరే, 'టామ్ డూలీ' మూడు వారాలు వాయించాను. హుషారుగా, కాలితో తాళం వేస్తూ. నాలుగో వారంలో చేతుల వైపు చూడకుండానే వాయించడం వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి, ఎనిమిదేళ్లది, అడిగింది.

"నాన్నా, టామ్ ఏం చేశాడు?"

"ఒకమ్మాయిని చంపాడంట."

"ఆ అమ్మాయి పేరేంటి?"

నాకు తెలీదు. మూడు వారాలుగా పాడుతున్న పాటలో ఆ పేరు లేదు.

ఆమె పేరు లారా ఫాస్టర్. 1866లో నార్త్ కరోలినాలో హత్యకు గురైంది. ఆ నేరం మీద టామ్ డూలా అనే మాజీ సైనికుణ్ణి 1868లో ఉరితీశారు. అతనే చంపాడా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ ప్రాంతపు జనం పాడుకున్న పాటని 1938లో ఫ్రాంక్ ప్రాఫిట్ అనే గాయకుడి దగ్గర ఫ్రాంక్ వార్నర్ సేకరించాడు. 1958లో కింగ్‌స్టన్ ట్రియో రికార్డుతో అది అమెరికా అంతా మోగిపోయింది. మనకి పుస్తకాల్లో దొరికేది దాదాపుగా ఈ ట్రియో పాటే. అందులో చంపినవాడికి పేరుంది, చచ్చిపోయిన మనిషి ఉత్త 'ఆమె'.

నా అభ్యంతరం పాట మీద కాదు, ఆ 'సులువు' అన్న లేబుల్ మీద. లేబుల్ చూడగానే చెయ్యి దానంతటదే హుషారు స్ట్రమ్మింగ్ మొదలుపెడుతుంది. ప్రాఫిట్ బాంజో మీద పాడింది విన్నాక నా వేగం నాకే సిగ్గనిపించింది. రెండు కార్డుల పాటలో చిక్కేమిటంటే చేతులు తొందరగా ఖాళీ అయిపోతాయి. ఆ తర్వాత మాటల వెనక దాక్కోవడానికి చోటుండదు. మొదటి పాటగా దీన్నే నేర్చుకోమని ఇప్పటికీ చెప్తాను, కానీ పుస్తకం చెప్పే కారణానికి మాత్రం కాదు.

'దిస్ లాండ్' సంగతి ఇంకా విచిత్రం. 'గాడ్ బ్లెస్ అమెరికా' పాట వినీ వినీ విసుగెత్తి వుడీ గత్రీ 1940లో రాసిన పాట ఇది. ప్రైవేటు ఆస్తి గురించీ, సాయం కోసం ఆఫీసు ముందు నిలబడ్డ ఆకలి జనం గురించీ ఉన్న చరణాలు బడి పుస్తకాల్లో సాధారణంగా ఉండవు. ఆ చరణాలు కలిపితే అదనంగా ఒక్క కార్డు కూడా అక్కర్లేదు. మరి ఎవరికి సులువు చేసినట్టు?

కొంచెం ముందుకెళ్లాక, వేళ్లతో మీటే పాటల్లో మొదటిది అని 'ఫ్రెయిట్ ట్రెయిన్' ఇస్తారు. ఎలిజబెత్ కాటన్ చిన్నతనంలోనే కట్టిన పాట. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల గిటార్‌నే తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకునేది. అందుకని ఆమె దగ్గర బొటనవేలు ట్యూన్ వాయిస్తుంది, మిగతా వేళ్లు కింది స్వరాలు చూసుకుంటాయి. పుస్తకంలో మనకి నేర్పేది దానికి సరిగ్గా తలకిందులు. తర్వాత దశాబ్దాల పాటు ఆమె గిటార్ వదిలేసి ఇళ్లలో పనిచేసింది. వాషింగ్టన్‌లో సీగర్ల ఇంట్లో పనికి కుదిరాక, అక్కడ గోడకున్న గిటార్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. 1957లో ఈ పాట ఇంగ్లండ్‌లో హిట్ అయినప్పుడు రికార్డు మీద కట్టినవాళ్లుగా వేరేవాళ్ల పేర్లున్నాయి. ఎవరూ సులువు చేసి పెట్టకుండా తనంతట తానే దారి కనుక్కున్న మనిషి పాట ఇప్పుడు 'బిగినర్స్' విభాగంలో ఉంది. నాకింకా రాలేదు.

మరి తెలుగు పాటలో అంటారా? ప్రయత్నించాను. బుర్రకథ బాణీ ఒకటి తీసుకుని కార్డులు వెతికితే ఎక్కడా కుదురుగా కూర్చోవు. ఏది పెట్టినా సినిమా పాట వాసనొస్తుంది. అక్కడ తంబురా ఒకే శ్రుతి మీద మోగుతూ ఉంటుంది, నడకంతా గొంతుదీ, గుమ్మెటదీ. నా స్ప్రెడ్‌షీట్‌లో పెడితే సున్నా కార్డులు, అంటే అన్నిటికన్నా సులువైన పాట! పాడి చూడండి తెలుస్తుంది. అయితే బుర్రకథలో పుస్తకాలకి తెలియని సౌకర్యం ఒకటుంది. వంత. కథకుడు ఊపులో పోతుంటే పక్కనున్నవాడు ఆపి అడుగుతాడు, ఎవరు, ఎందుకు, తర్వాతేమైంది అని. ఆ అడగడం పాటలో భాగమే.

ఇప్పుడు మా ఇంట్లో 'టామ్ డూలీ' నెమ్మదిగా నడుస్తోంది, కేపో రెండో ఫ్రెట్ మీద. మధ్యలో మా అమ్మాయి ఆపి పేరు అడుగుతుంది, నేను చెప్తాను. ఏ సెవెన్ మీద ఆపితే పాట గాల్లో వేలాడినట్టుంటుంది, డి లోకి దిగాక అడగమ్మా అని చెప్పాను. వినదు.