మోచేతి లోతు

మా మేనల్లుడు అండమాన్ వెళ్ళొచ్చాడు. వెళ్ళొస్తే మంచిదే. తిరిగొచ్చినవాడు నేరుగా నందివాడలో దిగి, కాఫీ కూడా ముట్టుకోకుండా ఫోను నా ముఖానికి ఆనించి, ఎలిఫెంట్ బీచ్ దగ్గర నీళ్ళలో తల ముంచి తీసిన వీడియోలు వరసపెట్టి చూపించాడు. పసుపు చారల చేపలు, కొమ్మలు కొమ్మలుగా పగడాలు, రెండు నిలువుల కింద ఇసుక మీద పడిన వాడి నీడ. బాగుందిరా అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా! "మన దగ్గర ఏముంది మావయ్యా, కొల్లేట్లో చెయ్యి పెడితే ఆ చెయ్యే కనపడదు" అన్నాడు. ఆ మాట నాకు వారమంతా అరగలేదు.

ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్ళకి నా పిచ్చి తెలుసు. పడవన్నాక ఒక్కడే ఉండాలి, చేతిలో గెడ ఉండాలి, చప్పుడు ఉండకూడదు అని ఇప్పటికి ఎన్నిసార్లు రాశానో ఎడిటరుగారికే లెక్క. నా రెండో పిచ్చి బురదనీళ్ళు. డెల్టాలో పుట్టినవాడు బురదని ఈసడించడం అన్నం తిన్న కంచాన్ని ఈసడించడమేనని నా వాదం. మేనల్లుడికి ఆ పాఠం మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

పగడానికి ఉప్పు కావాలి, ఎండ తగలాలి, మీద ఒండ్రు పడకూడదు. కృష్ణా గోదావరులు వరదలొచ్చినప్పుడల్లా తియ్యనీళ్ళూ ఒండ్రూ కలిపి కుమ్మరించే చోట అది బతకదు. మరి ఆ ఒండ్రే కదా దివిసీమ అయింది! నాగాయలంక దాటి ఎదురుమొండి దాకా మనం దీవులని పిలుచుకునేవన్నీ నది తెచ్చిపోసిన మట్టే. హంసలదీవి దగ్గర సంగమంలో అడుగు కనపడదు, నిజమే. ఆ మసక నీళ్ళలోనే మడ అడవి వేళ్ళ మధ్య రొయ్యపిల్లలూ పీతపిల్లలూ పెరుగుతాయి. అండమాన్ నీళ్ళు అద్దంలా ఉన్నాయంటే వాటిలో తిండి పదార్థం తక్కువని అర్థం. అందుకే పగడం తన ఒంట్లోనే కంటికానని పాచిని పెంచుకుని, అది ఎండలో వండిపెట్టింది తిని బతుకుతుంది. సముద్రం కాస్త ఎక్కువ వేడెక్కితే ఆ పాచి కాస్తా పోతుంది, పగడం పాలిపోతుంది. 2010లో అండమాన్‌లో అలాగే అయింది, 2016లో మళ్ళీ అయింది. అంత సుకుమారం మనకెందుకురా అన్నాను. వాడు విన్నాడో లేదో గానీ, పోతూ పోతూ తన మాస్కూ, గాలి పీల్చే గొట్టమూ మా అరుగు మీద మరిచిపోయాడు. మరిచిపోయాడో, కావాలని వదిలేశాడో!

ఆ మాస్కులో పెద్ద మాయేమీ లేదు. మన కన్ను గాలికి అలవాటు పడింది; నీళ్ళు నేరుగా తగిలితే అంతా అలుక్కుపోయినట్టుంటుంది. కంటికీ నీటికీ మధ్య అద్దం పెట్టి, లోపల కాస్త గాలి నిలబెడితే చూపు మళ్ళీ కుదురుతుంది. కాకపోతే ప్రతిదీ ఉన్నదానికంటే మూడోవంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. మేనల్లుడు చూసిన చేపల సైజు ఎంతో దీన్నిబట్టి మీరే లెక్కేసుకోండి.

సరే, మాస్కు చేతిలో ఉంది, ఊరి చుట్టూ చేపల చెరువులున్నాయి. తెల్లారగట్ల మిత్రుడి చెరువు గట్టెక్కాను.

మేత కట్టే కుర్రాడు అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. మా మండలం బయటివాళ్ళ కోసం చెబుతున్నాను: చెరువులో గుంజలు పాతి తాళ్ళు లాగి ఉంటాయి. తవుడూ చెక్కా కలిపిన సంచులకి చిల్లులు పొడిచి ఆ తాళ్ళకి వేలాడదీస్తారు. బొచ్చె, శీలావతి వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. సంచులు కట్టేవాడు ఒక్కడే. చిన్న పడవ, అంచుకి జానెడు కింద దాకా సంచులు, వాటి వెనక ఈ కుర్రాడు. తెడ్డు వాడడు. తాడు పట్టుకుని పడవని తన కిందనుంచి ముందుకి తోస్తాడు, సంచి కడతాడు, మళ్ళీ తోస్తాడు. ఒక సంచి దిగగానే పడవ ఒక పక్కకి తేలుతుంది. అది తేలే లోపే వాడి మడమ రెండో పక్కకి జరిగి ఉంటుంది. ఒంటరిగా పడవ నడిపేవాళ్ళంటే మనకి సముద్రాలు చుట్టొచ్చిన వాళ్ళే గుర్తొస్తారు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి 2013 మార్చి 31న ముంబయి చేరిన అభిలాష్ టామీ అంటే నాకూ గౌరవమే. ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2018లో ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని నేను ఈ పేజీలోనే పండగ చేసుకున్నాను. అయినా ఆ మడమ జరిగే తీరు చూడాలంటే నందివాడ రావాలి.

గట్టు పక్కన ఛాతీ లోతు నీళ్ళలో దిగి, మాస్కు బిగించి, తల ముంచాను. ఆకుపచ్చ. ఇంకేమీ లేదు. పక్కకి తిరిగితే అదే ఆకుపచ్చ, కిందకి చూస్తే కాస్త ముదురు. నా చెయ్యి చాపితే మోచెయ్యి కనిపిస్తోంది, అరచెయ్యి లేదు. ఏదో బరువైన చేప డొక్కని రాసుకుంటూ పోయింది, తోక కూడా కనపడలేదు. పైకి లేచేసరికి మా మిత్రుడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. నా వేషానికి నవ్వకుండా, "అరచెయ్యి కనపడిందా?" అని అడిగాడు. లేదన్నాను. "బాగుందండీ, రంగు సరిగ్గా కట్టింది" అన్నాడు.

చెరువు రైతుకి అదే కొలత. చెయ్యి నిటారుగా దించితే మోచెయ్యి మునిగేటప్పటికి అరచెయ్యి మాయమవ్వాలి. అంతకంటే ముందే మాయమైతే పాచి మితిమీరినట్టు, తెల్లారేసరికి ప్రాణవాయువు చాలక చేప పైకి తేలుతుంది. మోచెయ్యి దాటినా వేళ్ళు కనిపిస్తుంటే నీళ్ళలో సత్తువ లేనట్టు. అప్పుడు పేడ పోస్తారు, సూపర్ ఫాస్ఫేట్ చల్లుతారు. చూశారా, నా వాదానికి కొలబద్దతో సహా సాక్ష్యం దొరికింది. మసకే బలం. మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాలని బట్టలు మార్చుకుంటుంటే మా చినమావయ్య గుర్తొచ్చాడు.

అమ్మమ్మగారిది కొల్లేటి లంక. డెబ్బైల మొదట్లో మాట. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళితే, పెద్దవాళ్ళు మొక్కుల్లో ఉండగా నేను తాటిదోనె తీసుకుని జారుకునేవాణ్ణి. తాటిదోనె అంటే ఇప్పటి పిల్లలకి బొమ్మ గీసి చూపించాలి. తాటిమాను నిలువునా చీల్చి, లోపలి మెత్తని గుజ్జంతా తొలిచేస్తే నల్లటి గట్టి చెక్క మిగులుతుంది. మొదలు వైపు లావుగా ఉబ్బి ఉంటుంది. రెండో కొస తెరిచే ఉంటుంది గనక బంకమట్టి ముద్దతో పూడుస్తారు. దాని వెడల్పు ఒక్క మనిషి నడుమంత. ఇంకొకరిని ఎక్కించుకుందామన్నా ఎక్కడ కూర్చోబెడతాం! ఒంటరితనం ఆ మానులోనే ఉంది. చినమావయ్య నేర్పింది రెండే ముక్కలు. పక్కకి చూడాలంటే మెడ తిప్పు, భుజం తిప్పకు. గెడ మట్టిలో దిగబడితే గెడనే వదిలెయ్, దోనెని వదలకు.

ఇంకోటి కూడా నేర్పాడు. దాన్ని ఇన్నాళ్ళూ నేనెందుకు పక్కన పెట్టానో ఇప్పుడు తెలుస్తోంది. ఎండ ఎక్కాక, కిక్కిస పొదల పక్కన గాలి తగలని చోట దోనె ఆపి, బోర్లా పడుకుని, తల మీద తువ్వాలు కప్పుకుని ముఖం నీటికి బెత్తెడు దూరంలో పెట్టమనేవాడు. గడ్డం మట్టిముద్ద మీద ఆనించకు, ఊడొస్తుంది అనేవాడు. తువ్వాలు నీడకి నీటి మీద మెరుపు చచ్చిపోయి అడుగు కనిపించేది. అడుగంటే నిజంగా అడుగే. నాచు తీగలు నిలువునా లేచి ఉండేవి, వాటి ఆకుల నుంచి సన్నని బుడగలు దారం కట్టినట్టు పైకి వచ్చేవి. పరిగెలు గుంపుగా తిరిగినప్పుడు అన్నీ ఒక్కసారే తళుక్కుమనేవి. బొమ్మిడాయి మూతి మాత్రం మట్టిలోంచి బయటపెట్టి కదలకుండా ఉండేది. ఒకసారి కుంకుమ చల్లినట్టు ఎర్రటి చుక్కలు కదులుతుంటే, కిందకి చూడు అన్నాడు మావయ్య పక్క దోనె మీంచి. కొర్రమీను. ఆ చుక్కలు దాని పిల్లలు. మా నీడ పడగానే అది పారిపోలేదు సరికదా, పిల్లలకీ మాకూ మధ్యకి వచ్చి నిలబడింది. లంకల వాళ్ళు ఆ నీళ్ళే కడవలతో ముంచుకుని తాగేవాళ్ళు.

ఇప్పుడు మేనల్లుడికి ఏం చెప్పను? హంసలదీవి మసక నది ఇచ్చింది, దాని పక్షాన ఎంతసేపైనా మాట్లాడతాను. కొల్లేటి మసక అది కాదు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చే వరద మట్టి, వరద పోయాక నాచులో పేరుకుని దిగిపోయేది. శీతాకాలానికి నీళ్ళు తేరుకునేవి. 1976 తర్వాత మొదట సంఘాల పేరుతో, ఆ తర్వాత డబ్బున్నవాళ్ళ పేరుతో గట్లు లేచాయి, పారే నీటికి దారి మూసుకుపోయింది. పట్నాల మురుగూ, ఫ్యాక్టరీల మురుగూ, చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే నీళ్ళూ అన్నీ అందులోకే. ఆ పచ్చదనం మనం పోసింది. ఒండ్రు గొప్పదనం చెబుతూ చెబుతూ, రెండు మసకల్నీ ఒకే గంపలో వేసి అమ్మేస్తూ వచ్చాను. వాడికున్న ఆశ్చర్యం మా లంకలో నాకూ ఉండేది, అదీ టికెట్టు లేకుండా.

సాయంత్రం టీకొట్టు దగ్గర ఇదంతా మిత్రుడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "తేటనీళ్ళంటే నాకు నష్టమండీ. అడుగున నాచు లేస్తుంది, నీటికాకులకి చేప కనిపిస్తుంది, మేత ఖర్చు పెరుగుతుంది" అన్నాడు. నీ చెరువు మాట కాదు, ఊళ్ళో సొంత పొలంలో తవ్వుకున్నావు, కొల్లేటి కడుపులోవాటి మాట అన్నాను. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అన్నారు, 2006లో గట్లు పేల్చారు, మళ్ళీ కొన్ని లేచాయి. 2008లో అసెంబ్లీ అభయారణ్యం హద్దుకి ఐదో కాంటూరు కాదు మూడో కాంటూరు చాలు అని తీర్మానం చేసింది. ఇదంతా నాకంటే ఆయనకే బాగా తెలుసు. వాళ్ళ బావమరిదికి లోపల పన్నెండెకరాలుంది.

"ఇంతకీ మీరు ఐదా, మూడా?" అని అడిగాడు.

ఐదన్నాను.

గ్లాసు కింద పెట్టి, "అయితే ఇవాళ టీ డబ్బులు మీరే ఇవ్వండి" అని మోటారుసైకిలెక్కాడు.