అర్జున శబ్దవిచారము

ఒక్క పేరు పురాణపురుషులకును, ప్రాణివృక్షజాతులకును జెల్లుచున్నచో, ఏది ముందో యేది వెనుకో విచారింపక యర్థము చెప్పుట తగదు. గ్రీకుల 'ఆర్గోస్' నామ మిట్టిది. నూఱుకన్నుల కావలివాఁ డొకఁడు. హోమరు కావ్యమునఁ బ్రభువును గుర్తించి ప్రాణము విడిచిన ముదుసలి వేఁటకుక్క యొకటి. సుమత్రా, బోర్నియో యడవులలో నీఁకలపైఁ గన్నులవంటి చుక్కలు గల పక్షికి 1766లో లిన్నేయసు ఆ పేరే యిడెను. ఇచటఁ గథ ముందు, పక్షి వెనుక.

ఈ న్యాయమునే మన యర్జున శబ్దమునకుఁ బట్టించి, పాండవమధ్యముని పేరు మద్దిచెట్టునకు వచ్చినదని కొందఱు బోధింతురు. ఇది విచారసహము గాదు. ఋగ్వేదము ఆఱవ మండలమున రాత్రి కృష్ణమనియు, పగలు అర్జునమనియుఁ జెప్పఁబడినవి. కావున నీ శబ్దము మొదట గుణవాచకము. తెలుపు దాని యర్థము. అమరసింహుఁడు దీనిని ధవళపర్యాయములలోను, వృక్షనామములలోను, తృణనామములలోను వేర్వేఱుగాఁ బఠించెను. విరాటపర్వమునఁ బార్థుఁ డుత్తరునకుఁ దన పది పేళ్లను వివరించుచు, తనవంటి వర్ణము దుర్లభ మగుటను, తాను శుక్లకర్మము చేయుటను ఈ పేరునకు హేతువులుగాఁ జూపెను. అనఁగా వీరుఁడును గుణమునుబట్టియే యీ పేరు పొందెను.

వృక్షమునకుఁ దెల్లని పట్టయే హేతువు. దీనికిఁ దెలుఁగే సాక్షి. మన పల్లెజనులు పట్టరంగునుబట్టి తెల్లమద్ది, నల్లమద్ది యని వేఱుపఱచిరి. ఏ వీరునిఁ దలఁపలేదు. 1834లో వైటు, ఆర్నటు పండితులు స్థిరపఱచిన 'టెర్మినేలియా అర్జున' యను శాస్త్రనామమును ఈ వృక్షనామమునే గ్రహించినది.

నల్లగొండ మండలమున నార్కట్‌పల్లి చేరువనున్న చెరువుగట్టున జడల రామలింగేశ్వరునిఁ బరశురాముఁడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. అచట రామశబ్దమునకు దాశరథి యర్థము గాఁడు. ఆ భార్గవుఁడు చంపిన యర్జునుఁడును బాండవుఁడు గాఁడు, హైహయుఁడగు కార్తవీర్యుఁడు. అమరమున రామశబ్ద మొక మృగమునకును బేరు. ఆ మృగమునకు దాశరథివలనఁ బేరు వచ్చినదని చెప్పువారు లేరు. మద్దివిషయమున మాత్ర మా వివేక మేల విడువవలయును?

భాషాశాస్త్రజ్ఞుల మతమున 'ఆర్గోస్', అర్జున శబ్దము లేకమూలములు. వెలుఁగును, తెలుపును వాని యర్థములు. మూల మొక్కటి యైనను నడచిన త్రోవలు వేఱు. అచటఁ గథ పక్షికిఁ బేరిచ్చెను. ఇచట గుణము వీరునకును, వృక్షమునకును వేర్వేఱుగాఁ బేరిచ్చెను. ఉపాధ్యాయులు కథను జెప్పుటకు ముందు శిష్యునకుఁ దెల్లమద్ది పట్టను జూపుట మేలు.