దీపము వెలిగినంతమాత్రమున

చేతిపనులలో పెక్కింట లోపము తనంత తానే బయటపడును. వడ్రంగి కుదురుగ బిగింపని తలుపు తొలివానకే గుమ్మమును పట్టుకొనును. వంకరగ లేచిన గోడ తూకపుగుండు వ్రేలాడదీసినంతనే దొరకిపోవును. విద్యుత్తుపనికి మాత్ర మీ సుగుణము లేదు. తీగలను సక్రమముగ కలిపినను, అక్రమముగ కలిపినను స్విచ్చి వేయగనే దీపము వెలుగును, ఫ్యాను తిరుగును. గృహస్థుడు సంతుష్టుడై కూలి చెల్లించును.

ఇటీవల మా బంధువులయింట చెక్క బాటెనులమీద నడచిన పాత వైరింగును చూడవచ్చిన వైర్‌మన్, పని మొదలిడకమునుపే వరండాదీపము నార్పి, బల్బు తీసి, హోల్డరులోని పిన్నుకు టెస్టరు మొన తాకించెను. స్విచ్చి కట్టియుండగనే టెస్టరు పిడిలోని బుల్లిదీపము వెలిగినది! ఫేజు తిన్నగ హోల్డరునకే పోయియున్నది. స్విచ్చి త్రెంచుచున్నది న్యూట్రలును. “ఇన్నేళ్ళూ వెలుగుతూనే ఉంది గదయ్యా!” యని ఇంటిపెద్ద విస్తుపోగా, “దీపానికేమండీ, ఎట్టా కలిపినా వెలుగుద్ది. బల్బు మార్చే చేతికేనండీ ముప్పు” అని యాతడు తాపీగా బదులు చెప్పెను.

కంటికి కానరాని యిట్టి దోషములకు పూచీపడువా డొకడుండవలెననియే శాసనము పనివాని యర్హతను విచారించుచున్నది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వదిగా నుండి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, మరల 2023లోను వెలువరించిన భద్రతా నిబంధనలలోనికి సంక్రమించిన నియమము ప్రకారము, ఇంటి వైరింగును రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరే చేపట్టవలెను. యోగ్యతాపత్రము గల సూపర్‌వైజరు దగ్గరుండి చూడవలెను. పర్మిటు గలవాడే తీగపై చేయి వేయవలెను. అట్లని శాసనము గృహస్థుని చేతులు కట్టివేయలేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివానిని ఉన్నదానికి సరిజోడుగ మార్చుకొనుటకు మినహాయింపు గలదు. కాని దీపపు తీగనుండి కొమ్మ లాగి 2000 వాట్ల గీజరును తగిలించుట మార్పిడి గాదు. 230 వోల్టులవద్ద దాదాపు 9 ఆంపియర్ల ప్రవాహమును సన్నతీగకు మోపి, గోడలో నిప్పు దాచుట.

ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఎలక్ట్రీషియను విద్య నేర్చినవానికన్న, చిన్ననాటనే మేస్త్రివెంట తిరిగిన కుఱ్ఱవాడు పైపులో తీగ లాగుటయందు చురుకైనవాడు కావచ్చును. నేనా నేర్పును తక్కువసేయను. పరీక్షించి వానికిని పర్మిటు నొసగుటయే న్యాయము. అయితే నేర్పు వేరు, జవాబుదారీ వేరు. పని ముగిసినపిమ్మట మెగ్గరుతో 500 వోల్టులు ఒక నిమిషముపాటు ప్రయోగించి, తీగకును భూమికిని నడుమ నిరోధము ఒక మెగోముకు తగ్గలేదని నిర్ధారించి, ఆ యంకెక్రింద వ్రాలు చేయువాడు కావలెను. నే నెఱిగిన యొక నూతనగృహమున, గడప తొక్కనైన తొక్కని కాంట్రాక్టరు సంతకముతో టెస్ట్ రిపోర్టు సిద్ధమైనది. మెగ్గరు పెట్టె యెవరును తెరువలేదు. అది తెలిసియు, కనెక్షను త్వరగా వచ్చినదని గృహయజమాని సంతసించెను! చట్టమును కాగితముగ మార్చినది కాంట్రాక్టరొక్కడే కాదు, అగ్గువకోరు మనమును.

కావున గృహనిర్మాతలకు నా మనవి యిది: పలకలరంగును గూర్చి పదిమారులు చర్చించు మీరు, వైర్‌మనును ఒక్కమారు పర్మిటు చూపుమని యడుగుడు, మెగ్గరు మీ యెదుట పెట్టించుడు, ఆ శ్రమకు మూల్యము బేరమాడక చెల్లించుడు. అడుగువారున్ననాడే సంతకము అమ్ముడుపోవుట మానును.