పాలపిట్టకు రంగు వేయుట

దసరా సెలవులు ముగిసి బడులు తెరచిన ఈ వారమున, మా మనుమరాలి సంచిలోనుండి వెలువడిన యొక పలుచని పుస్తకము నా ఉదయపు కాఫీ రుచిని చెడగొట్టినది. మన రాష్ట్రమును పిల్లలకు పరిచయము చేయు సదుద్దేశముతో బడివారు సెలవులకిచ్చిన అభ్యాసపుస్తకమది: చుక్కలు కలిపినచో చార్మినారు, గీతలు కలిపినచో జమ్మి రాష్ట్రవృక్షము, తంగేడు రాష్ట్రపుష్పము, ఖాళీలు పూరించినచో కాకతీయ వంశము. పక్షుల పుటలో, కొమ్మపై రెక్కలు ముడిచి కూర్చున్న పాలపిట్ట బొమ్మక్రింద, నీలిరంగు వేయుమని ఆజ్ఞ యున్నది. ఆ పిల్ల దానికి ఱొమ్మున మట్టివన్నెయు, కంఠమున కొంచెము ఊదాయు, నడినెత్తిన మాత్రము నీలమును వేసినది. దానిపై ఎఱ్ఱసిరాతో నొక పెద్ద ఇంటుగుర్తు పడినది.

ఊరికి పోవు త్రోవలో కరెంటుతీగపై కూర్చుండి మిడుతలకై నేలను కనిపెట్టుచున్న పాలపిట్టను మనుమరాలు చూచినది, ఎఱ్ఱసిరా చూచియుండలేదు. ఆ పక్షి తన వైభవమునంతయు రెక్కల లోపల దాచుకొని, ఎగిరినపుడు మాత్రమే లేతనీలమును ముదురునీలమును పట్టెలు పట్టెలుగా విప్పి చూపును. కూర్చున్నచో దానిని సామాన్యమైన యొక పిట్ట యనుకొని దాటిపోవువారే యెక్కువ.

ఈ శీర్షికను ఓపికతో చదువుచు వచ్చినవారికి నా పాతపాట తెలిసినదే: కాళ్లకు మన్నంటనిదే పిల్లలకు ఊరు తెలియదు, ఊరు తెలియనివానికి రాష్ట్రము తెలియదు. కాగితములు కట్టిపెట్టి పిల్లలను చేలగట్లకు తోలుడని నేను వ్రాసినపుడెల్ల, ఆ చేలగట్లెక్కడ నున్నవో చూపుమని నగరవాసులు ఉత్తరములు వ్రాయుట కూడ వారికి తెలిసినదే.

మా చిన్ననాట భాద్రపదము వచ్చెననగా మా అక్కకు బడి మీద ధ్యాస యుండెడిది కాదు. బతుకమ్మకు ముందు కన్నెపిల్లలాడు బొడ్డెమ్మకు పుట్టమన్ను కావలెను. ఆ మన్ను తెచ్చుట నా వంతు. తడిపి, మర్దించి, పీటపై మెట్లు మెట్లుగా పేర్చి, అలికి, పూలు గ్రుచ్చి, పైన కలశమునిలిపి, సాయంకాలము వాకిట పిల్లలందఱు చుట్టు తిరిగి పాడెడివారు. మన్నులో నీరెక్కువైన మెట్టు కూలును, తక్కువైన పగులును. ఈ రహస్యమును మాకు చెప్పిన పంతులెవ్వడును లేడు. పెత్రమాసనాటికి బొడ్డెమ్మను సాగనంపి ఎంగిలిపూల బతుకమ్మకు సిద్ధపడునప్పటికి, పని మన్నునుండి పూలకు మారెడిది. "తమ్మీ, గునుగు ముదిరినది తెచ్చినావంటే ఇంట్లకు రానియ్య" అని అక్క బెదరించెడిది. ముదిరిన గునుగును తెంపిన చేతిలో నల్లని సన్నగింజలు రాలును; లేతదైనచో రంగునీటిలో ముంచినపుడు చక్కగా పట్టును. జొన్నచేలలో రైతు కలుపని తిట్టుచు పెఱికి పాఱవైచెడి ఆ మొక్కయే తొమ్మిదినాళ్లు సిబ్బిలో దేవతయై కూర్చుండుట, తంగేడు బీడునేలలలోనే విరియుట, గుమ్మడిపూవును ప్రొద్దుటనే కోయకున్న వాడిపోవుట, ఇవి యన్నియు మేము తిట్లతోను ముండ్లతోను నేర్చుకొన్నాము. గట్టున ఎవరి చేను ఎక్కడ ముగియునో, ఎవరి కుక్క కఱచునో, ఏ చెరువు ఏ కాలువకు నీరిచ్చునో కూడ ఆ పూలబుట్టతోడనే తెలిసినది.

ఇంతవఱకు వచ్చిన పాఠకుడు, ఇక ఆ పుస్తకమును పొయ్యిలో పెట్టుమని నేను తీర్పు చెప్పుదునని యెదురు చూచుచుండును. నేనును ఆ యుద్దేశముతోనే కలము పట్టితిని. కాని పండుగనాడు పాలపిట్టను కన్నులార చూపవలెనను శ్రద్ధ పట్టణములలో నే రూపము దాల్చినదో తలచుకొనగా చేయి ఆగినది. అజ్ఞాతవాసము ముగించిన పాండవులకు కనబడిన పక్షియని, దానిని చూచిన శుభమని, జమ్మికి పోవునపుడు పెద్దలు పిల్లలను భుజములకెత్తుకొని ఊరి వెలుపల వెదకెడివారు. కనబడకున్న మఱుసటియేటి మాట. ఇపుడు వెదకుటకు తీరిక లేదు గనుక పక్షియే పంజరములో గుడిముంగిటికి వచ్చును, పైకమిచ్చినవారికి దర్శనము. కాళ్లకు దారము, కత్తిరించిన రెక్కలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించినది, అటవీశాఖవారు పట్టుకొందురు, అయినను పంజరములు వచ్చుచునే యున్నవి. కొనువారిలో పిల్లలకు మన సంస్కృతిని ప్రత్యక్షముగా చూపవలెనను తల్లిదండ్రులే ముందుందురు. నా పాతపాటను వారు నాకంటె గట్టిగా పాడుదురు.

పాలంపేటలోను ఇదియే కథ. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడికి 2021లో ప్రపంచ వారసత్వపు గౌరవము దక్కినది. గర్భగుడి ద్వారముచెంత నొక శిల్పమును మీటిన సప్తస్వరములు పలుకునందురు. పిల్లలను తీసికొనిపోయినవారు మీటించక విడువరు. ఎనిమిది వందల యేండ్ల రాతిని తాకి నేర్చుకొనుటకంటె, ఆ శిఖరపు ఇటుకలు నీటిపై తేలునంత తేలికగా నెందుకు చేసిరని కాగితముపై నడిగి, ఇంట గిన్నెడు నీటిలో బెండుముక్కను, పెంకును వేసి చూడుమనుట మేలు కాదా?

కనుక పాలపిట్ట పుట నుండవలసినదే యని నా నిర్ణయము. అచ్చువేయించువారికి నా కోరిక యొక్కటే: ఒకటి కూర్చున్నది, ఒకటి ఎగురుచున్నది, రెండు పక్షులను గీయుడు, ఏ రంగని ముందుగా చెప్పకుడు. గునుగు విషయమున మాత్రము కాగితమును నేనొప్పుకొనను. ఎంత కోసినను మఱుసటి వానకు మొలచును గనుక, దానిని పిల్లలు చేలలోనే కోయవలెను. చేలలో పాములున్నవని తల్లులు వాదింతురు. ఉన్నవి, మా కాలమునను ఉండెను. చెప్పులు తొడిగించి, కఱ్ఱ యిచ్చి పంపుడు.