పట్టు లాల్చీ జేబులోకి ఒక చాకు

మడత చాకు చేయించుకోదలచినవారు పనివాడికి ముందుగా చెప్పాల్సింది జేబు కొలత. ఉక్కు సంగతి తరవాత. జంషెడ్‌పూర్‌లో ఈ మాటంటే నవ్వుతారు. 1912 ఫిబ్రవరిలో టాటా కంపెనీ తన మొదటి ఉక్కు దిమ్మ పోతపోసిన ఊరిది. కద్మా, సోనారీల్లో తాతల నాటి నుంచి కంపెనీ ఉద్యోగమే చేస్తున్న తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళ ముందు కత్తి పేరెత్తితే చాలు, ‘ఏ గ్రేడు?’ అని అడుగుతారు.

గ్రేడు ఎంత గొప్పదైనా, బిష్టుపూర్ రామమందిరంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు లాల్చీ జేబు ఒక పక్కకి వేలాడితే ఆ చాకు ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే మడిచినప్పుడు మూడంగుళాలు, మందం సెంటీమీటరు లోపు, బరువు ఐదు తులాలకు మించకుండా చూసుకోవాలి. అలుగు రెండున్నర అంగుళాలుంటే ధారాళం. దాంతో చేసే పని ఏముంది గనక? పూలదండ దారం తెంపడం, మిఠాయి డబ్బా తాడు కోయడం, కవరు చింపడం, మహా అయితే ఒక జామకాయ.

ఈ రకం చాకుకు తాళం ఉండదు. వెన్నులో ఒక స్ప్రింగు పట్టీ ఉండి అలుగు మొదలును అదిమిపడుతుంది, అంతే. తెరిచినప్పుడు, సగం మడిచినప్పుడు, పూర్తిగా మూసినప్పుడు, ఈ మూడు చోట్లా స్ప్రింగు పక్క రేకులతో సమంగా నిలవాలి. వెన్ను మీద గోరు పెట్టి రాస్తే ఎక్కడా మెట్టు తగలకూడదు. అలుగు మొదలును వెంట్రుకవాసి ఎక్కువ అరగదీస్తే మూడింట్లో ఒక చోట స్ప్రింగు లోపలికి దిగిపోతుంది. అరిగిన లోహాన్ని తిరిగి పెట్టలేం. కాబట్టి పనివాడు ఆకురాయితో నాలుగు గీతలు గీసి, తాత్కాలికంగా మేకు దూర్చి, వెలుతురుకు పట్టి చూసి, విప్పి మళ్ళీ గీస్తాడు. మనం ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ విప్పడం బిగించడానికే పోతుంది, పోవాలి కూడా.

ఒకే చాకులో రెండు రకాల పదును ఉండటం మరో విశేషం. బేరింగు ఉక్కుతో అలుగు చేస్తే దాన్ని 840 డిగ్రీల దరిదాపుల్లో కాచి నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే విరిగినా ఆశ్చర్యం లేదు. మళ్ళీ 200 డిగ్రీల దగ్గర కాస్తే, మెరుగుపెట్టిన ఉక్కు మీద లేత గడ్డి రంగు కమ్ముతుంది. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 59, 60 దగ్గర కుదురుకుంటుంది. స్ప్రింగును ఇంకా పైకి, నీలం రంగు వచ్చి పోయేదాకా కాస్తారు. గట్టిదనం కొంత వదులుకుంటేనే దానికి వంగి లేచే గుణం వస్తుంది.

సరుకుకు జంషెడ్‌పూర్‌లో కొరత లేదు. టిమ్‌కెన్ బేరింగులు, టాటా లారీలు తయారయ్యే ఊరు. లారీ పాత కమాన్ పట్టీలతో కత్తులు కొట్టడం కమ్మరులకు అలవాటే. వంటింటి కత్తికి అది బాగానే ఉంటుంది. చాకుకు మాత్రం కొత్త ఉక్కు ముక్క కొనిపించండి. ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళుండవచ్చు.

ఇక డమాస్కస్ మోజు. ఆ పేరుతో ఇప్పుడు దొరికేవి చాలావరకు రెండు రకాల ఉక్కు పట్టీలను పేర్చి, కొలిమిలో అతికి, మడిచి కొట్టినవి. ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే నికెలున్న పొర తెల్లగా, లేనిది నల్లగా తేలుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ పాత డమాస్కస్ కత్తుల మీది అలలు పొరలు అతికితే వచ్చినవి కావు. మూసలో కరిగిన ఉక్కు మెల్లగా చల్లారి, ఆపైన సుత్తి దెబ్బలు తింటూ తనలోంచే తెచ్చుకున్న గీతలవి. అలాంటి ఉక్కు దిమ్మలకు పేరుపడ్డ ఊళ్ళలో మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఒకటి. అక్కడ రెండు ఊళ్ళ ఇనుమును కలిపి మూసల్లో పెట్టి కాచే పద్ధతిని 19వ శతాబ్దం తొలి దశకాల్లో హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయ వైద్యుడు చూసి రాశాడు. సరుకు కోసం పర్షియా వర్తకుడు కొలిమి దగ్గరికే వచ్చి కూర్చునేవాడట. ఆ ఉక్కులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. తెల్లగా కాచి కొడితే పొడైపోతుంది, మందమైన ఎరుపులోనే ఓపిగ్గా సాగగొట్టాలి.

మన దేశపు ఈ మూస ఉక్కు మీద 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి పరిశోధన పత్రం సమర్పించాడు. ఆ సందర్భంలో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు దాంతో చేసి చూసింది కత్తీ కాదు, కటారీ కాదు. ఈకకలం చెక్కుకునే చిన్న చాకు. అది అతనికి ఎంత నచ్చిందంటే, యూరప్ ఉక్కు కంటే ఇదే మేలని తరవాత తన దుకాణం ప్రకటనలోనే చెప్పుకున్నాడు. ఆపైన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలకు దిగాడు. ఇంత చరిత్ర ఉన్నవాళ్ళం, చారల కోసం ఎగబడనక్కర్లేదు. మొదటి చాకుకు సాదా అలుగే చాలు, మిగిలిన సొమ్ము బిగింపు మీద పెట్టండి.

పిడికి ఏనుగు దంతం, జింక కొమ్ము అడగొద్దు, వన్యప్రాణి చట్టంతో చిక్కు. గేదె కొమ్ముకు నిగనిగలాడే నలుపు ఉంది. కాకపోతే తేమకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది కనుక బాగా ఆరినదే కావాలి. శీషం కర్రకు ఆ బెడద తక్కువ. కరీంనగర్ వెండి తీగపని పిడి మీద చూడముచ్చటగా ఉంటుందని నాకూ ఆశే, కానీ పట్టు గుడ్డకు పోగులు లేచిపోతాయి. రెండు కొసలకూ జర్మన్ సిల్వర్ తొడుగులు వేయిస్తే పెళ్ళికి సరిపడా మెరుపు వస్తుంది.

తీసుకునేటప్పుడు సీలింగు దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. స్ప్రింగుకూ రేకుకూ మధ్య వెలుతురు కనపడితే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చేయండి. అలుగును సగం తెరిచి అటూ ఇటూ కదపండి, ఊగకూడదు. మూసినప్పుడు టక్కుమని మోగాలి. ఆయుధ నిబంధనల జాబితాలో ఉన్నవి తొమ్మిది అంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటిన కత్తులు, కాబట్టి రెండున్నర అంగుళాల అలుగుకు లైసెన్సు బెంగ లేదు. విమానం ఎక్కేటప్పుడు మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వేయడం మరవకండి. జేబులో దొరికితే ఎంత ముచ్చటపడి చేయించుకున్నదైనా భద్రతా తనిఖీ దగ్గరే వదిలేసి పోవాలి.